తుమ్ము వెనకాల పనితనం

తొలకరి దాటిన కొన్ని వారాలకు ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఖాళీ నేల కనబడిన చోటల్లా వయ్యారిభామ లేస్తుంది. తార్నాక వైపు నుంచి ఆర్ట్స్ కాలేజీకి పొద్దున నడకకు వచ్చేవాళ్ళు దీన్ని రోజూ చూస్తారు. లోతుగా చీలిన ఆకులు, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లపూలు, నడుమెత్తు పెరిగే మొక్క. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల్లో పుణే దగ్గర మొదట కంటబడింది. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు. మొలిచిన నెల రోజులకే పూతకు వస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఈ మొక్కను తిట్టనివాళ్ళు లేరు. దాని పుప్పొడిని మైక్రోస్కోపు కింద ఒకసారి చూస్తే మాత్రం తిట్టే ముందు కాసేపు ఆగాల్సి వస్తుంది.

రేణువు గుండ్రంగా ఉంటుంది. అడ్డంగా కొలిస్తే పదిహేను నుంచి ఇరవై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. ఒంటినిండా పొట్టి ముళ్ళు, ఒకదానికొకటి సమాన దూరంలో. మూడు చోట్ల పైపెంకు పలచబడి నిలువు గాడిగా మారుతుంది, ఒక్కో గాడి మధ్యలో ఒక్కో ద్వారం. పెంకు ఒక్క పొర కాదు. లోపల ఒక నేల, పైన ఒక కప్పు, రెంటినీ కలుపుతూ మధ్యలో సన్నటి స్తంభాలు, స్తంభాల నడుమ ఖాళీ గదులు. ఇంత కట్టడమూ కంటికి ఆనని నలుసులో ఉంది.

ఈ పెంకు తయారైన పదార్థం పేరు స్పోరోపోలెనిన్. జీవులు తయారుచేసే పదార్థాలలో ఇంత మొండిది అరుదు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఎర్డ్‌మన్ దీని మొండితనాన్నే పనిముట్టుగా మార్చాడు. తొమ్మిది పాళ్ళు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, అందులో పుప్పొడిని వేసి వేడి చేస్తే లోపలి జీవపదార్థమంతా కరిగిపోతుంది. పెంకు మాత్రం ముళ్ళతో, ద్వారాలతో సహా మిగులుతుంది. దాన్ని చూసి మొక్క ఏ కుటుంబానిదో, చాలాసార్లు ఏ మొక్కో కూడా చెప్పవచ్చు. ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగంలో సి.జి.కె. రామానుజం, ఆయన శిష్యులు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. 1990ల్లో వాళ్ళు తూర్పు గోదావరి జిల్లా తేనెలను ఇలాగే పరీక్షించి, తేనెటీగలు ఏయే పూల మీద వాలాయో పెంకుల ఆధారంగా రాసిపెట్టారు. తేనెసీసాలో పూల చిరునామా చదవగలిగినవాళ్ళకు గాలిలో ఎగిరే పుప్పొడిని గుర్తుపట్టడం వేరే విద్య కాదు.

తుమ్ము కథ ఆ స్తంభాల మధ్య గదుల్లో మొదలవుతుంది. పూవు అక్కడ కొన్ని ప్రొటీన్లను దాచిపెడుతుంది. రేణువు తన జాతి పూవు కీలాగ్రం మీద వాలగానే అక్కడి తడి తగిలి ఆ ప్రొటీన్లు నిమిషాల్లో, కొన్నయితే సెకన్లలోనే, బయటికి వస్తాయి. వచ్చినవాడు సొంతవాడా పరాయివాడా అన్నది పూవు తేల్చుకోవడంలో వాటికి పాత్ర ఉంది. ఆ తర్వాతే మొలకెత్తడం, గొట్టం సాగడం, అండాన్ని చేరడం. రేణువుకు తెలిసిందల్లా తడి. ఆ తడి పూవుదా, ఎన్.సి.సి. గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డ విద్యార్థి ముక్కుదా అని కనుక్కునే ఏర్పాటు దానికి లేదు. ముక్కులో వాలినా అదే పని చేస్తుంది, తన గదులు తెరుస్తుంది.

గాలిలో ఏ రేణువు ఎప్పుడు ఎంత ఉందో లెక్కపెట్టే పరికరాన్ని 1952లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో జిమ్ హర్స్ట్ తయారుచేశాడు. దాని నమూనాలే ఇప్పటికీ లెక్కకు ప్రమాణం. పైన గాలివాటుకు తిరిగే తోక, దాని ఎదురుగా 14 మిల్లీమీటర్ల ఎత్తు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నని చీలిక. లోపలి పంపు నిమిషానికి పది లీటర్ల గాలిని ఆ చీలిక గుండా లాగుతుంది. ఊరికే కూర్చున్న మనిషి పీల్చే గాలి కూడా ఇంచుమించు ఆ మోతాదులోనే ఉంటుంది. చీలిక వెనక జిగురు రాసిన పారదర్శక టేపు చుట్టిన డోలు ఉంటుంది. గడియారపు యంత్రం దాన్ని గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున తిప్పుతుంది. చీలిక వెడల్పు కూడా అంతే కాబట్టి ఒక గంట గాలి ఒక గీత. రోజుకు 48 మిల్లీమీటర్లు, వారానికి 336. వారం చివర టేపు విప్పి ఏడు ముక్కలుగా కోసి, ఫుక్సిన్ రంగు కలిపిన గ్లిజరిన్ జెల్లీలో పొదిగితే పుప్పొడి గులాబీ రంగులో తేలుతుంది. మంగళవారం ఉదయం ఏడింటికి గరిక పుప్పొడి ఎంత, మధ్యాహ్నం ఆముదం పుప్పొడి ఎంత, రాత్రి బూజు బీజాలెన్ని అన్నీ గీతల్లో ఉంటాయి. కాలాన్ని పొడవుగా మార్చిన ఈ లెక్క నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇక ముక్కు. దీన్ని గాలి గొట్టం అనుకుంటాం కానీ ఇది జల్లెడ. లోపల రెండు వైపులా మూడేసి ఎముకల మడతలు ఉంటాయి. గాలి వాటి మధ్య వంకరటింకరగా పోవాలి. మలుపులో గాలి తిరుగుతుంది, బరువైన నలుసు తిరగలేక గోడకు కొట్టుకుంటుంది. గోడ మీద శ్లేష్మం, దాని కింద సన్నని నూగు. ఆ నూగు ఆగకుండా కదులుతూ చిక్కినదాన్నంతా గొంతు వైపు నెడుతూ ఉంటుంది. పది మైక్రాన్లు దాటినవి చాలామటుకు ఇక్కడే ఆగిపోతాయి. పుప్పొడి ఎలర్జీ ముందుగా ముక్కునీ కళ్ళనీ పట్టుకోవడానికి కారణం ఇదే, దాని పరిమాణం. రేణువు చిట్లి తునకలైతే, లేదా అంతకన్నా సన్నని బూజు బీజాలైతే, జల్లెడ దాటి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అప్పుడు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు.

ఇంతవరకు జరిగింది అందరి ముక్కులోనూ జరుగుతుంది. ఎలర్జీ ఉన్నవారికి తేడా ఒక్క అణువు దగ్గర వస్తుంది. దాని పేరు ఐజీఈ. ఇది ఒక రకం యాంటీబాడీ, ఆకారంలో పంగల కర్ర. రెండు పంగల కొసలు ఒకానొక ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునేలా మలిచి ఉంటాయి. కింది కాడ మాస్ట్ కణం మీది గ్రాహకంలో దిగబడి ఉంటుంది. ఈ దిగబడటం ఎంత గట్టిదంటే, రక్తంలో రెండు మూడు రోజులకే కరిగిపోయే ఐజీఈ, మాస్ట్ కణం మీద వారాల తరబడి నిలుస్తుంది. మాస్ట్ కణాలు రక్తంలో తిరగవు. చర్మం, ముక్కు, కంటి పొర, శ్వాసనాళాలు, పేగులు, అంటే బయటి ప్రపంచం ఒంటిని తాకే ప్రతి సరిహద్దులోనూ కాపు కాస్తాయి. ఒక్కో కణంలో రసాయనాలు నింపిన గుళికలు వందల్లో ఉంటాయి.

మొదటిసారి పుప్పొడి ప్రొటీన్ తగిలినప్పుడు ఏమీ జరిగినట్టు ఉండదు. లోపల మాత్రం దానికి సరిపోయే ఐజీఈ తయారై మాస్ట్ కణాల మీద చేరుతుంది. హాస్టల్లో చేరిన మొదటి ఏడాది హాయిగా ఉండి రెండో ఏడాది తుమ్ములు మొదలైన కుర్రాడు ఏం తిన్నానా అని ఆలోచిస్తాడు. తిన్నదానితో నిమిత్తం లేదు, కణాల మీద ఆయుధం అమరడానికి పట్టిన కాలం అది. ఆ తర్వాత అదే ప్రొటీన్ మళ్ళీ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకోవాలి. ఒక్కదాన్ని పట్టుకుంటే చాలదు. రెండిటినీ జత చేసే వంతెన పడితేనే కణానికి సంకేతం అందుతుంది. ఒక్క నలుసు పొరపాటున తగిలినంత మాత్రాన కోట్ల కణాలు పేలిపోకుండా ఉంచిన కట్టుబాటు ఇది.

వంతెన పడ్డాక అంతా నిమిషాల్లో. గుళికలు కణపు అంచుకు వచ్చి తెరుచుకుంటాయి, హిస్టమిన్ బయటపడుతుంది. అది నరాల కొసలను తాకితే దురద, తుమ్ము. సన్నని రక్తనాళాలను వదులు చేస్తే వాపు, ముక్కు దిబ్బడ. గ్రంథులను కదిపితే నీళ్ళు. చర్మంలోనైతే దద్దుర్లు. అదే సమయంలో కణం ల్యూకోట్రయీన్లు అనే కొత్త రసాయనాలను తయారుచేయడం మొదలుపెడుతుంది. ఇవి నెమ్మదిగా వస్తాయి, ఎక్కువసేపు ఉంటాయి, శ్వాసనాళాలను బిగిస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో అల. ఈసినోఫిల్ అనే తెల్లరక్త కణాలు గుంపుగా వచ్చి చేరతాయి. పొద్దున నడకలో నాలుగు తుమ్ములు తుమ్మి తగ్గిపోయిందనుకున్నవారికి మధ్యాహ్నం క్లాసులో ముక్కు పూర్తిగా మూసుకుపోవడం ఈ రెండో అల పని.

రక్తంలో ఇలాంటిదేదో ఉందని 1921లోనే తెలిసింది. జర్మనీలో హైన్జ్ క్యూస్ట్‌నర్ అనే వైద్యుడికి చేపలు పడేవి కావు. ఆయన రక్తంలోని సీరమ్‌ను సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే, చేపలు హాయిగా తినే ప్రౌస్నిట్జ్ చర్మం ఆ చోట మాత్రం పొంగింది. ఆ పదార్థమేదో తేల్చడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. రక్తంలో మామూలు యాంటీబాడీ అయిన ఐజీజీతో పోలిస్తే ఇది పదివేలవ వంతు కూడా ఉండదు మరి. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, ఆ మరుసటి ఏడాది స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరు దారుల్లో దాన్ని పట్టుకున్నారు. 1968లో ఐజీఈ అని పేరు ఖాయమైంది.

ఇంత నైపుణ్యం పుప్పొడి కోసం పుట్టి ఉండదు. పుప్పొడి ఎవరికీ హాని చేయదు. ఈ ఏర్పాటు ముఖ్యంగా పరాన్నజీవుల మీదికి, పేగుల్లో, కణజాలంలో బతికే పురుగుల మీదికి అని శాస్త్రవేత్తలు చాలామంది భావిస్తారు. పురుగు పెద్దది, కణాలు దాన్ని మింగలేవు. అందుకని నీళ్ళు ఊరించి, కండరాలను బిగించి, దురద పుట్టించి, తుమ్మించి బయటికి గెంటడం. ఆ దృష్టితో చూస్తే ముక్కు కారడం, దగ్గు, వాంతి, విరేచనం అన్నీ ఒకే పనికి కుదిర్చిన పద్ధతులుగా కనిపిస్తాయి.

తెలుగునాట ఈ పాత శత్రుత్వానికి సాక్ష్యం ఇంటింటి మాటల్లోనే ఉంది. దగ్గూ తుమ్ములూ వదలకపోతే మన పెద్దవాళ్ళు ‘ఈసినోఫీలియా’ అనేవారు. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. బోదకాలు పురుగు ఉన్న ప్రాంతాల్లో కొందరికి దాని పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లో చిక్కుతాయి. రాత్రుళ్ళు విడవని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఈసినోఫిల్ కణాలు విపరీతంగా పెరగడం, ఐజీఈ కూడా ఆకాశానికి ఎక్కడం దాని లక్షణాలు. అచ్చం ఉబ్బసమే అనిపిస్తుంది, మందు మాత్రం వేరు. ఆ మందు డైఇథైల్‌కార్బమజీన్. హెట్రజాన్ పేరుతో 1947లో దాన్ని లోకానికి ఇచ్చినది లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. భీమవరంలో, బోదకాలు ఉన్న గోదావరి సీమలో పుట్టిన మనిషి. మూడు వారాల మాత్రలతో ఆ రాత్రి దగ్గు తగ్గడం చూసినవారికి పేరు నాలుక మీద నిలిచిపోయింది. చిక్కల్లా, ఇప్పుడు పుప్పొడికి తుమ్మేవారిని కూడా అదే పేరుతో పిలిచి, రక్తపరీక్షలో ఆ ఒక్క అంకె చూసి అదే మాత్ర మింగించడం. అంకె పెరగడానికి కారణం పురుగూ కావచ్చు, పుప్పొడీ కావచ్చు. యంత్రం ఒకటే గనక గుర్తు కూడా ఒకటే.

ఏది పడదో తేల్చే చర్మపరీక్షలో ఈ యంత్రాన్నే కొలబద్దగా వాడతారు. ముంజేతి లోపలివైపు, రెండేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలు పెడతారు. గరిక, వయ్యారిభామ, సర్కారు తుమ్మ, బొద్దింక, ఇంటి దుమ్ము పురుగు, బూజు, ఒక్కోదాని సారం ఒక్కో చుక్క. వాటితో పాటు రెండు చుక్కలు తప్పనిసరి. ఒకటి వట్టి ఉప్పునీళ్ళు, రెండోది హిస్టమిన్. మిల్లీమీటరు పొడవు మొన ఉన్న చిన్న సూదితో ప్రతి చుక్క గుండా పైచర్మాన్ని గుచ్చుతారు. రక్తం రాకూడదు, ప్రతి చుక్కకూ కొత్త సూది. పదిహేను నిమిషాలు చేయి కదపకుండా కూర్చోవాలి. ఉప్పునీళ్ళ చోట పొంగితే ఆ చర్మం గుచ్చినా పొంగే రకం, హిస్టమిన్ చోట పొంగకపోతే లోపల ఏదో మందు పనిచేస్తోంది. రెంటిలో ఏది జరిగినా మిగతా చుక్కలకు అర్థం లేదు. సెట్రిజిన్ వంటి ఎలర్జీ మాత్రలను వారం ముందే ఆపమనేది ఇందుకే. ఉప్పునీళ్ళ చుక్క కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొంగితే దానికి ఐజీఈ ఉన్నట్టు. అంతమాత్రాన జబ్బు దానివల్లే అని కాదు. పొంగిన వస్తువుకీ ఇబ్బంది వచ్చే రోజులకీ పొంతన కుదరాలి. వర్షాకాలంలో మాత్రమే ఆయాసం వచ్చేవారికి ఏడాది పొడుగునా ఇంట్లో ఉండే పిల్లి మీద నేరం మోపలేం.

వయ్యారిభామతో మాత్రం ఈ పరీక్ష కూడా పూర్తి కథ చెప్పదు. ఆ ఆకుల్లో పార్థెనిన్ అనే రసాయనం ఉంది. కలుపు పీకేవారికి చేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద చర్మం కందిపోయి రసి కారేది దానివల్ల. ఇందులో ఐజీఈ పాత్ర ఉండదు. టి కణాలనే తెల్లరక్త కణాలు చేసే పని ఇది, ఒకటి రెండు రోజులు ఆగి గానీ బయటపడదు. దీనికి పరీక్ష వేరు. వీపు మీద పట్టీ అంటించి 48 గంటల తర్వాత విప్పి చూస్తారు. క్యాంపస్‌లోనో కాలనీలోనో వయ్యారిభామను పీకించేటప్పుడు పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా ఇచ్చి పీకించాలి. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. అది ఆకులు తింటుంది, మనిషి పని మాత్రం మిగిలే ఉంది.

పడకపోవడం, పడనట్టు అనిపించడం వేరు. తాలింపులో ఎండుమిర్చి మాడితే ఇల్లంతా దగ్గుతుంది. అది ఎలర్జీ కాదు, మిరపలోని కాప్సైసిన్ నేరుగా మంట నరాలను ముట్టడం. అగరుబత్తి పొగ, తార్నాక కూడలిలో బండ్ల పొగ కూడా ఈ జాబితాలోవే. ఐజీఈ అక్కర్లేకుండానే ఇబ్బంది పెడతాయి. అప్పటికే వాచి ఉన్న ముక్కుకు ఇవి మరీ తొందరగా తగులుతాయి కాబట్టి రెండూ కలిసిపోయి కనబడతాయి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారిలో ఎక్కువమందికి లాక్టోజ్ అరగదు, పాల ప్రొటీన్ మీద ఐజీఈ ఉండటం అందుకు పూర్తిగా భిన్నం. ఈ తేడా తెలియక పిల్లలకు వంకాయ, గుడ్డు, వేరుశనగ, చేప, పాలు ఒక్కొక్కటే మానిపిస్తూ పోయే తల్లులు మన ఇళ్ళలో చాలామంది. 1958లో కూనూరు నుంచి తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థ తార్నాక నుంచి క్యాంపస్‌కు వెళ్ళే దారిలోనే ఉంది. దాని చరిత్రంతా పళ్ళెంలో ఏం తక్కువైంది అని వెతికిన చరిత్ర. ఆ గోడ పక్కనే నడిచిపోతూ ఊహ మీద ఆధారపడి పళ్ళెంలోంచి ఒక్కొక్కటే తీసేయడం నాకు సరిపడని పని.

ఇంట్లో అసలు పాత్రధారి దుమ్ము పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ఎనిమిది కాళ్ళ జీవి, దిండులో, పరుపులో ఉంటుంది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని తిండి. నీళ్ళు తాగదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ యాభై శాతం దిగువన చాలాకాలం ఉంటే ఎండిపోతుంది. పడనిది పురుగు కన్నా దాని రెట్ట. ఇరవై మైక్రాన్ల ఉండ, పైన పలుచని పొర, లోపల పురుగు జీర్ణరసాలు. ఆ రసాల్లో ఒక ఎంజైము ప్రొటీన్లను కోస్తుంది. మన ముక్కు పొరలో కణానికీ కణానికీ ఉన్న కుట్లను కూడా అదే కోసి, లోపలికి తనే దారి చేసుకుంటుంది. ఈ ఉండలు బరువైనవి. దుప్పటి దులిపినప్పుడు లేచి అరగంటలోగా చాలావరకు కింద పడిపోతాయి.

ఈ వివరాలు తెలిస్తే ఇంట్లో ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. దులిపే పని పడనివారికి అప్పగించకూడదు, చేశాక అరగంట వాళ్ళను ఆ గదిలోకి రానివ్వకూడదు. పొడి చీపురు బదులు తడిగుడ్డ. దిండు గలేబులు, దుప్పట్లు వారానికోసారి అరవై డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. చల్లనీళ్ళు రెట్టను కడుగుతాయి గానీ పురుగును చంపవు. పరుపుకూ దిండుకూ పది మైక్రాన్ల లోపు రంధ్రాలున్న నేతగుడ్డ తొడుగు వేస్తే ఉండలు దాటి రాలేవు. వానాకాలంలో తేమ ఎక్కువ కాబట్టి పురుగులూ ఎక్కువ. ఎండలో వేసిన పరుపు పైభాగం ఆరుతుంది, పురుగులు లోపలి నీడకు దిగుతాయి. అందుకే ఎండ మంచిదే, అదొక్కటే చాలదు. ఇక పుప్పొడి రోజుల్లో నడక నుంచి రాగానే ముఖం, కళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోవడం, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం, వాలిన రేణువును వీలైనంత త్వరగా సాగనంపడానికి. నీళ్ళు కాచి చల్లార్చినవే అయి ఉండాలి.

‘‘అన్నా, తుమ్ములు ఆగుతలేవు, ఒక సెట్రిజిన్ ఇయ్యి’’ అని మందుల షాపులో అడగడం మనకు మామూలు. ఆ మాత్ర హిస్టమిన్‌ను తీసేయదు. హిస్టమిన్ కూర్చోవాల్సిన గ్రాహకాన్ని తను ఆక్రమిస్తుంది. ముందే మింగితే కుర్చీలు నిండి ఉంటాయి, తుమ్ములు మొదలయ్యాక మింగితే ఖాళీ అయిన కుర్చీల కోసం ఆగాలి. పైగా అది మొదటి అల మందు. రెండో అలను, అంటే ముక్కు దిబ్బడను, తగ్గించేది ముక్కులో కొట్టే స్టీరాయిడ్ స్ప్రే. అది కణాలు కొత్త రసాయనాలు తయారుచేసే ఉత్తర్వులనే మారుస్తుంది కాబట్టి పూర్తి ఫలితానికి రోజులు పడుతుంది, రోజూ వాడాలి. వాడే తీరులో చిన్న మెళకువ ఉంది. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేతితో, ఎడమ ముక్కుకు కుడి చేతితో కొట్టుకోవాలి. అప్పుడు మొన దానంతటదే నడిమి గోడకు దూరంగా, కంటి బయటి కొస వైపు తిరుగుతుంది. ముక్కులోంచి రక్తం వస్తోందని మందు మానేసేవారిలో చాలామంది నడిమి గోడను గురిపెట్టి కొట్టినవారే. కొట్టాక గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది, మెల్లగా పీలిస్తే చాలు.

నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు పట్టేసి, కళ్ళు తిరిగితే అది వేరే స్థాయి. ఒక్క చోట కాదు, ఒళ్ళంతటా మాస్ట్ కణాలు ఒకేసారి తెరుచుకున్నాయన్నమాట. అక్కడ సెట్రిజిన్ కాలయాపన. తొడ బయటివైపు కండరంలోకి అడ్రినలిన్ సూది ఒక్కటే మందు. అది వదులైన రక్తనాళాలను బిగిస్తుంది, బిగిసిన శ్వాసనాళాలను వదులు చేస్తుంది, తెరుచుకుంటున్న కణాలను శాంతింపజేస్తుంది. మూడు వేర్వేరు దిశల పనులు ఒకే అణువు చేస్తుంది. రోగిని లేపి నడిపించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఊపిరాడక కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించే రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచుతుంది. కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి ఉబ్బసం ఉన్నవాళ్ళతో మింగిస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్ళు చెబుతారు, దేశం నలుమూలల నుంచి వేలమంది వస్తారు. ఆ ముద్దతో ఉబ్బసం తగ్గుతుందని రుజువు లేదు. ఆ వరుసను చూసినప్పుడు నాకు అనిపించేది వేరే. ఆయాసం ఎంతటి బాధో ఆ ఓపిక చెబుతుంది. రాత్రంతా నిలబడగలిగిన అదే మనిషికి, ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అన్న ఒక్క మాట చాలు, జేబులోని చిన్న గొట్టాన్ని దాచేయడానికి. ఆ గొట్టాన్ని విప్పి చూపించినవాళ్ళు లేకపోవడం కూడా ఒక కారణమేమో.

1956లో అమెరికాలోని రైకర్ ప్రయోగశాలలో ఇది రూపుదిద్దుకుంది. పైకి కనిపించేది అల్యూమినియం డబ్బా, ప్లాస్టిక్ గొట్టం. అసలు చాతుర్యం డబ్బా మూతిలోని కవాటంలో ఉంది. డబ్బా తలకిందులుగా ఉంటుంది కాబట్టి లోపలి ద్రవం ఎప్పుడూ కవాటం మీదే నిలుస్తుంది. కవాటంలో ఒక చిట్టి గది. మామూలుగా దాని పైద్వారం డబ్బాలోకి తెరిచి ఉంటుంది, కింది ద్వారం మూసి ఉంటుంది, గది నిండి ఉంటుంది. డబ్బాను నొక్కగానే కాడ లోపలికి జరిగి ముందు పైద్వారాన్ని మూస్తుంది, ఆ తర్వాతే కింది ద్వారాన్ని తెరుస్తుంది. రెండూ ఒకేసారి తెరిచి ఉండే క్షణం రానే రాదు. అందుకని ఎంతసేపు నొక్కి పట్టుకున్నా ఒక్క గదెడు మందే వస్తుంది, సాల్బుటమాల్ అయితే వంద మైక్రోగ్రాములు. వేలు తీయగానే స్ప్రింగు కాడను వెనక్కి తోస్తుంది, గది మళ్ళీ నిండుతుంది.

గదిలోని ద్రవంలో ఎక్కువ భాగం మందు కాదు, దాన్ని మోసే వాయువు. ఇప్పుడు ఎక్కువగా వాడేది హెచ్.ఎఫ్.సి. 134ఏ. మామూలు ఒత్తిడిలో మైనస్ ఇరవై ఆరు డిగ్రీలకే మరిగిపోతుంది కాబట్టి బయటపడ్డ క్షణంలో పేలినట్టు ఆవిరై మందును ఒకటి నుంచి అయిదు మైక్రాన్ల తుంపరగా విడగొడుతుంది. ముక్కు జల్లెడ ఆపే పరిమాణం పది మైక్రాన్లన్నాను కదా, మందును దానికన్నా సన్నగా కొట్టింది ఆ లెక్క చూసుకునే. పాత ఇన్‌హేలర్లలో ఓజోన్ పొరను తినే సి.ఎఫ్.సి.లు ఉండేవి. వాటిని మానాల్సి వచ్చినప్పుడు ఈ 134ఏ తయారీకి పనికొచ్చే ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేసిన చోట్లలో తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కూడా ఉంది.

తుంపర చాలా వేగంగా వస్తుంది, అందుకే నేరుగా నోట్లో కొట్టుకుంటే ఎక్కువ భాగం గొంతు గోడకు కొట్టుకుపోతుంది. మధ్యలో స్పేసర్ అనే ఖాళీ గొట్టం పెడితే వేగం అక్కడే చస్తుంది, పెద్ద బొట్లు అక్కడే రాలుతాయి, సన్ననివి గాలిలో తేలుతూ పీల్చేదాకా ఆగుతాయి. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు పట్టి ఉంచాలి. పొడి మందు గుళికలు వేసే రోటాహేలర్‌కు ఇది తలకిందులు. దానిలో మోసే వాయువు లేదు, మన ఊపిరే పొడిని లేపాలి, కాబట్టి గట్టిగా, వేగంగా పీల్చాలి. రెంటి పద్ధతీ తారుమారు చేసి మందు పనిచేయడం లేదనేవారు ఎక్కువ. స్టీరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది. స్పేసర్‌ను సబ్బునీళ్ళలో ముంచి తీసి తుడవకుండా ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పట్టి తుంపరను గోడకు లాక్కుంటుంది. డబ్బా నీళ్ళలో తేలుతుందా మునుగుతుందా అని చూసి ఖాళీ అయిందీ లేనిదీ తేల్చడం పాత అలవాటు, అది నమ్మదగింది కాదు. మందు అయిపోయాక కూడా మోసే వాయువు మిగిలి బుస్సుమంటూనే ఉంటుంది. వెనకవైపు అంకెలు చూపే చిన్న కిటికీ ఉన్నది అడిగి కొనుక్కోవాలి. అది లేకపోతే డబ్బా మీద రాసి ఉన్న మోతాదుల సంఖ్యను రోజుకు వాడే వాటితో భాగించి, అయిపోయే తేదీని స్కెచ్ పెన్నుతో గొట్టం మీదే రాసుకోవాలి.